హోబార్ట్ చేరని పడవ

టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో, డెర్వెంట్ నది ఒడ్డున బ్యాటరీ పాయింట్ అనే పాత పేట ఉంది. తరతరాలుగా పడవలు కట్టిన పేట అది. 1942లో, ప్రపంచమంతా యుద్ధంలో ఉన్నప్పుడు, పెర్సీ కవర్‌డేల్ అనే పడవల మేస్త్రీ అక్కడ తన చేతులతో ఒక తెరచాప పడవను కట్టాడు. పొడవు యాభై అడుగులకు పైచిలుకు. వాడిన కలప హ్యూవాన్ పైన్. టాస్మేనియా అడవుల్లో తప్ప మరెక్కడా దొరకని చెట్టు అది. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున లావెక్కుతూ వెయ్యేళ్లు, రెండు వేలేళ్లు బతుకుతుంది. కలపలో సహజంగా ఊరే నూనె వల్ల అది నీళ్లకు కుళ్లదు, పురుగు పట్టదు. అలాంటి కలపతో కట్టిన పడవకు కవర్‌డేల్ ఆ రోజుల్లో అందరి నోటా ఉన్న పేరే పెట్టాడు: విన్‌స్టన్ చర్చిల్.

యుద్ధం ముగిసిన ఏడాదే సిడ్నీలో కొందరు మిత్రులు క్రిస్మస్ సెలవులకు పడవల మీద హోబార్ట్ వెళ్లిరావాలని అనుకున్నారు. బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఇలింగ్‌వర్త్ ఆ మాట విని, ఊరికే వెళ్లడమెందుకు, పందెం వేసుకుందాం అన్నాడు. 1945 డిసెంబరు 26న తొమ్మిది పడవలు బయల్దేరాయి. వాటిలో విన్‌స్టన్ చర్చిల్ ఒకటి. చుక్కాని పట్టినవాడు దాన్ని కట్టిన కవర్‌డేలే. ఆ మొదటి పందెంలోనే గాలివాన వచ్చి పడింది. ఇలింగ్‌వర్త్ పడవ రానీ జాడ తెలియక అందరూ ఆశ వదులుకున్నారు. అంతలో అది టాస్మేనియా తీరాన అందరికంటే ముందు ప్రత్యక్షమై గెలిచింది. సముద్రం భయపెట్టి వదిలేసింది. ఈ పందెం పుట్టుకలోనే అలా ఒక ధీమా కలిసిపోయిందని నాకనిపిస్తుంది: ఎంత గాలివాన వచ్చినా చివరికి అందరూ ఒడ్డుకు చేరతారన్న ధీమా.

ఆ తర్వాత ఏటా క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు సిడ్నీ రేవులో ఫిరంగి మోగడం, పడవలు దక్షిణానికి మళ్లడం ఆనవాయితీ అయింది. దూరం 630 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 1,170 కిలోమీటర్లు. ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట దిగి, ప్రధాన భూభాగానికీ టాస్మేనియాకూ నడుమ ఉన్న బాస్ జలసంధి ముఖం దాటి, టాస్మన్ దీవి చుట్టి, స్టార్మ్ బే గుండా డెర్వెంట్ నదిలోకి ఎదురెక్కాలి. పందెం ముగిసే గీత ఉండేది బ్యాటరీ పాయింట్ ఎదుట. కాబట్టి మిగిలిన పడవలకు హోబార్ట్ ఒక గమ్యమైతే, విన్‌స్టన్ చర్చిల్‌కు అది పుట్టిల్లు. ఈ పందేనికి వచ్చిన ప్రతిసారీ ఆడపడుచు పండక్కి వచ్చినట్టు తనను కన్న ఒడ్డుకే వచ్చి ఆగేది.

ఏళ్లు గడిచాయి. కలప స్థానంలో ఫైబర్ గ్లాసు, కార్బన్ ఫైబర్ వచ్చాయి. పడవలు తేలికయ్యాయి, పరుగు పెరిగింది, కోటీశ్వరులు రంగంలోకి దిగారు. 1990ల్లో సిడ్నీకి చెందిన రిచర్డ్ విన్నింగ్ ఈ పాత పడవను కొని, చాలా డబ్బు పెట్టి పలక పలకా చూసి బాగు చేయించాడు. 1998లో, పందెం 54వ ఏట, దానితో మళ్లీ హోబార్ట్ బయల్దేరాడు. గెలవాలని కాదు. అలాంటి పడవ ఆ పందెంలో ఉండడమే ఒక శోభ. సిడ్నీ రేవులో ఆ వార్నిషు మెరుపునూ ఆ పాతకాలపు వంపునూ చూసి జనం కెమెరాలు తీసేవారు.

జట్టులో తొమ్మిది మంది. విన్నింగ్‌తో పాటు చిరకాల మిత్రులు, ఎన్నో హోబార్ట్‌లు చూసినవారు. జాన్ స్టాన్లీ, మైక్ బానిస్టర్, నౌకల ఇంజినీరు జిమ్ లాలర్, న్యాయవాదులు జాన్ డీన్, జాన్ గిబ్సన్, మరో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒక కుర్రాడికి పందొమ్మిదేళ్లు. తక్కినవాళ్లలో చాలామంది నడివయసు దాటినవారే. సాహసం కోసం ఎగబడే వయసు కాదు వారిది. చేతిలో పని తెలిసినవారు, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్నవారు.

ఆ ఏడాది 115 పడవలు బరిలో నిలిచాయి. డిసెంబరు 26 మధ్యాహ్నం ఎండ కాస్తోంది. ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తోంది. తీరం వెంట దక్షిణానికి పారే సముద్ర ప్రవాహం కూడా అదే దిక్కు. రెండూ కలిసి పడవలను రికార్డు వేగంతో తీసుకుపోయాయి. ఫిరంగి మోగిన గంట తర్వాత వాతావరణ శాఖ గాలివాన హెచ్చరికను ఒక మెట్టు పెంచి తుఫాను హెచ్చరికగా మార్చింది. బాస్ జలసంధి దగ్గర లోతైన అల్పపీడనం ఏర్పడుతోంది, గాలులు 45 నుంచి 55 నాట్ల వేగంతో వీస్తాయి అని చెప్పింది. అంటే గంటకు వంద కిలోమీటర్ల దాకా.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి. వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం సగటు వేగం. విసురుగా వచ్చే గాలి అంతకంటే 40 శాతం ఎక్కువ ఉండవచ్చు. అలల ఎత్తూ అంతే. చెప్పిన ఎత్తు అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు, వాటిలో అతి పెద్ద అల దానికి రెట్టింపు దాకా లేవవచ్చు. ఈ లెక్క వాతావరణ శాఖకు ఓనమాలు. పడవల్లో ఉన్నవారిలో చాలామందికి మాత్రం తెలియదు. 55 అన్నారు కాబట్టి 55 మించదనుకున్నారు. 50 నాట్ల గాలిలో పోయి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. హోబార్ట్ పందెం అంటేనే ఒక రాత్రి దెబ్బలు తినడం అని నవ్వుకునేవారు కూడా. 55కు 40 శాతం కలిపితే 77. మర్నాడు మధ్యాహ్నం సముద్రం మీద ఒక పడవ కొలిచిన గాలి 78. హెచ్చరిక అబద్ధం చెప్పలేదు. చెప్పిన భాష ఒకటి, విన్న చెవి మరొకటి అయ్యాయి.

బాస్ జలసంధి లోతు తక్కువ. చాలాచోట్ల యాభై అరవై మీటర్లే. దక్షిణ మహాసముద్రం నుంచి వేల మైళ్లు అడ్డూ ఆపూ లేకుండా దొర్లివచ్చే అల ఆ మెరకెక్కగానే నిక్కుతుంది. ఆ రోజు పడమటి నుంచి, నైరుతి నుంచి తుఫాను గాలి వీస్తోంది. ముందురోజు పడవలను ఎత్తుకుని తెచ్చిన ప్రవాహం దక్షిణానికి పారుతూ ఆ గాలికి ఎదురొడ్డింది. అలాంటి చోట అలలు ఒడ్డుకు వచ్చే అలల్లా దొర్లవు. నిట్టనిలువుగా లేచి, కొసన తెల్లగా విరిగి, నీటి గోడలై కూలతాయి. జలసంధి ఉత్తరపు ఒడ్డున విల్సన్స్ ప్రొమొంటరీ దగ్గర ఆ రోజు 92 నాట్ల విసురు నమోదైంది. కార్చిచ్చులు, వరదలు చూసి ఆరితేరిన హెలికాప్టర్ పైలట్లు సైతం అలాంటి సముద్రాన్ని ఎన్నడూ ఎరగమన్నారు.

పందెంలో రోజుకు కొన్నిసార్లు రేడియోలో హాజరు పిలిచేవారు. అక్షర క్రమంలో ఒక్కో పడవ పేరూ పిలవడం, అది తానున్న చోటు చెప్పడం. ఆ పని చేసేది యంగ్ ఎండెవర్ అనే తోడు ఓడ. అందులో మైకు ముందు కూర్చున్నవాడు లూ కార్టర్. జీతం లేకుండా, సముద్రం మీద ప్రేమతో ఏటా ఆ బాధ్యత మోసేవాడు. 27వ తేదీ మధ్యాహ్నం రెండింటికి ఆయన హాజరు మొదలుపెట్టాడు. పందెంలో ఉన్నవారు తమ దగ్గర గాలి ఎలా ఉందో పోటీదారులకు చెప్పేవారు కాదు. అది పందెపు రహస్యం. కానీ ఆ రోజు స్వోర్డ్ ఆఫ్ ఒరయన్ అనే పడవ వంతు వచ్చినప్పుడు దాని యజమాని రాబ్ కోథీ ఆ కట్టుబాటు పక్కనపెట్టి, వెనక వస్తున్నవారందరికీ వినబడేలా చెప్పాడు: ఇక్కడ విసురు 78 నాట్లు కొట్టింది. కార్టర్ దాన్ని మళ్లీ అందరికీ వినిపించి, జలసంధిలోకి వెళ్లే ముందు ఒకసారి ఆలోచించుకోండి అని సారథులను కోరాడు.

ఆలోచించుకోమనడం దాకానే ఆయనకు అధికారం. తెరచాప పందేల మూల సూత్రం ఒకటుంది: పందెంలో దిగాలా, కొనసాగాలా అన్నది పూర్తిగా ఆ పడవ నిర్ణయమే. దానికి బాధ్యత మరెవరిదీ కాదు. మంచిరోజుల్లో ఆ సూత్రం వింటే స్వేచ్ఛలా ఉంటుంది. 78 నాట్ల గాలిలో, తల ఎత్తితే ఉప్పునీళ్లు కళ్లలో సూదుల్లా గుచ్చుతున్నప్పుడు, అదే సూత్రం ఒక్కో సారథి భుజాల మీద ఒంటరిగా దిగుతుంది.

ఎవరి ఆలోచన వారు చేసుకున్నారు. కొందరు వెనుదిరిగి జలసంధికి ఎగువన ఉన్న ఈడెన్ రేవుకు బయల్దేరారు. కొందరు తిరగబోతే పక్కవాటుగా అలకు దొరికిపోతామని ముందుకే సాగారు. రెండు దారుల్లోనూ మనుషులు బతికారు. రెండు దారుల్లోనూ మనుషులు పోయారు. ఈ కథను ఎన్నిసార్లు తిరగేసినా నన్ను వదలనిది ఇదే. హోబార్ట్ చేరినవారికీ చేరనివారికీ మధ్య తెలివిలోనో ధైర్యంలోనో తేడా వెతకాలని మనసు తొందరపడుతుంది. ఎంత వెతికినా అక్కడ దొరికేది అల ఒక్కటే. ఎవరి మీద విరిగిందో, ఎవరి పక్కన విరిగిందో, అంతే తేడా.

విన్‌స్టన్ చర్చిల్ ఆ సాయంత్రం చిన్న తుఫాను తెరచాప ఒక్కటే కట్టుకుని, ఈడెన్‌కు దిగువన నిబ్బరంగా పోతోంది. ఇద్దరు పైన ఉన్నారు, మిగిలినవారు కింద పడకల్లో ఉన్నారు. అయిదు గంటల వేళ ఒక అల ఆ పడవను పైకెత్తి, పక్కకు తిప్పి, తన ముందున్న పల్లంలోకి విసిరేసింది. నీరు అంత ఎత్తు నుంచి పడేసినప్పుడు నీరే బండరాయి అవుతుంది. కిటికీలు పగిలాయి. తెరచాప కొయ్య దగ్గర పక్క చెక్కలు ఆరడుగుల మేర ఊడిపోయాయి. అర్ధ శతాబ్దం పైగా నీళ్లను బయటే నిలిపిన హ్యూవాన్ పైన్ లోపలికి దారి ఇచ్చింది. కింద ఉన్నవారు నీళ్లలో లేచారు. ఇంజిను మునిగింది కాబట్టి తోడే పంపు ఆడలేదు. తామెక్కడున్నారో చూపే పరికరం తడిసి ఆరిపోయింది. విన్నింగ్ రేడియోలో ఆపద పిలుపు పంపాడు. పైన తుఫానులో ఎగురుతున్న ఏబీసీ టెలివిజన్ హెలికాప్టరు దాన్ని అందుకుంది. ఆయన చెప్పగలిగింది ఈడెన్ ఉన్న టూఫోల్డ్ బేకి ఆగ్నేయంగా ఇరవై మైళ్లు అన్న అంచనా మాత్రమే. గాలింపు ఆ అంచనా చుట్టూ మొదలైంది.

రెండు రబ్బరు తెప్పలు దించారు. ఒకదాంట్లో నలుగురు: విన్నింగ్, మరో ముగ్గురు. రెండోదాంట్లో అయిదుగురు: స్టాన్లీ, గిబ్సన్, డీన్, లాలర్, బానిస్టర్. వాళ్లు చూస్తుండగానే పడవ మునిగిపోయింది. 56 ఏళ్ల పడవ, ఆ పందెపు తొలి తొమ్మిదింటిలో ఒకటి, కొన్ని నిమిషాల్లో లేకుండా పోయింది.

తెప్పలు రెండింటినీ తాడుతో కలిపి కట్టుకున్నారు. కాసేపటికే తాడు తెగింది. తర్వాత ఎవరి తెప్ప వారిది.

నలుగురున్న తెప్ప చీకట్లో తలకిందులైంది. విన్నింగ్ బయటి నీళ్లలోకి దిగి దాన్ని మళ్లీ తిప్పాడు. చేయి జారితే ఆయన తిరిగి రాడని లోపలివారికి తెలుసు, ఆయనకూ తెలుసు. అయిదుగురున్న తెప్ప కూడా తలకిందులైంది. దాని పైకప్పు కిందికి పోయి, అడుగు నెత్తి మీదికి వచ్చింది. బయటికి వెళ్లి తిప్పబోతే వెళ్లినవాడు అలకు పోతాడు. లోపలే ఉంటే గాలి చాలదు. ఆ అయిదుగురూ, అనుభవజ్ఞులైన ఆ అయిదుగురూ, మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చారు: నెత్తి మీది అడుగుకు చిన్న కన్నం కోశారు. ఊపిరి ఆడింది. తర్వాత మరో అల తెప్పను తనంతట తానే నిటారుగా తిప్పింది. అప్పుడు కన్నం అడుగున ఉండిపోయింది. వాళ్ల బరువుకు అది చిరుగుతూ చిరుగుతూ పెద్దదైంది. ఇక వాళ్లు తెప్పలో కూర్చోలేదు, తెప్పను పట్టుకుని సముద్రంలోనే వేలాడారు.

ఊపిరి కోసం కోసిన కన్నమే వాళ్ల కింది నేలను తీసేసింది. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. ఆ క్షణంలో ఆ చీకట్లో ఇంకేం చేయగలరో ఒడ్డున కూర్చుని ఎవరూ చెప్పలేరు.

అర్ధరాత్రి దాటాక ఒక అల వచ్చింది. వాళ్లకు ముందు వినబడింది, తర్వాత మీద పడింది. తెప్పను ఎత్తి ఎక్కడికో విసిరేసింది. నురగలోంచి తల పైకెత్తి స్టాన్లీ కేకేశాడు. ఒక్క గొంతే బదులు పలికింది, గిబ్సన్‌ది. డీన్, లాలర్, బానిస్టర్ లేరు. తెప్ప వాళ్లున్న చోటి నుంచి గాలికి దూరంగా కొట్టుకుపోతోంది. దాన్ని ఆపే సాధనం లేదు. ఆ గాలిలో, ఆ అలల్లో ఎదురీది వెళ్లే శక్తి ఏ మనిషికీ లేదు. చిరకాల మిత్రులు చీకట్లో వెనక ఉండిపోయారు. వీళ్లిద్దరూ చిరిగిన తెప్ప చుట్టూ ఉన్న గాలి గొట్టాన్ని పట్టుకుని మిగిలిన రాత్రంతా, మర్నాడు పగలంతా ఉన్నారు. తాడు కోసుకుని గిబ్సన్ చేతివేళ్లు నరాల దాకా తెగాయి. ఒకరు నిద్రలోకి జారితే ఇంకొకరు లేపారు.

నలుగురి తెప్ప 28వ తేదీ మధ్యాహ్నం దాటాక కనబడింది. ఇంకో తెప్ప ఉంది, అందులో అయిదుగురున్నారు అని వాళ్లు చెప్పగలిగారు. ఆ రాత్రి పైన విమానం శబ్దం విని స్టాన్లీ, గిబ్సన్ చిన్న దీపం ఊపారు. విమానం దాన్ని చూసింది. నౌకాదళపు సీహాక్ హెలికాప్టరు వచ్చి ఇద్దరినీ పైకి లాగింది. నీళ్లలో దాదాపు 28 గంటలు గడిచాయి. అంతసేపూ తమ మిత్రులను ఎవరో ఒకరు తీసే ఉంటారని వాళ్లు ఆశ పెట్టుకున్నారు.

27వ తేదీ సాయంత్రమే, ఆ రాత్రే, మరో రెండు పడవల మీద మృత్యువు పడింది. రేడియోలో అందరినీ హెచ్చరించిన స్వోర్డ్ ఆఫ్ ఒరయన్ అప్పటికే పందెం వదిలి ఉత్తరానికి తిరిగింది. తిరుగు దారిలో ఒక అల దాన్ని పూర్తిగా దొర్లించింది. చుక్కాని దగ్గర ఉన్నవాడు గ్లిన్ చార్ల్స్, 33 ఏళ్ల బ్రిటిష్ నావికుడు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో తన దేశానికి ఆడినవాడు. నడుముకు కట్టిన భద్రతా పట్టీ తెగి నీళ్లలో పడ్డాడు. పడవవాళ్లు ఆయన్ని చూస్తున్నారు. కొయ్య విరిగి, చుక్కాని పనిచేయక, పడవ కదలదు. ఆయన ఈదుతూ ఈదుతూ దూరమైపోయాడు. దేహం దొరకలేదు. అందరికంటే ముందు ప్రమాదాన్ని గుర్తించి, పందెపు రహస్యం దాచుకోకుండా పదిమందికీ పంచి, సరైన పనే అనిపించేలా వెనుదిరిగిన పడవకు జరిగింది ఇది.

బిజినెస్ పోస్ట్ నాయాడ్ టాస్మేనియా పడవ. అది కూడా ఇంటికే పోతోంది. సాయంత్రం ఒకసారి దొర్లి కొయ్య విరిగింది. ఇంజిను మీద ఈడెన్ వైపు నెమ్మదిగా పోతుండగా, రాత్రి పదకొండు వేళ మళ్లీ దొర్లింది. ఈసారి వెంటనే లేవలేదు. కొన్ని నిమిషాల పాటు తలకిందులుగానే ఉండిపోయింది. పైన పట్టీతో కట్టుకుని కాపలా ఉన్న ఫిల్ స్కెగ్స్, 34 ఏళ్లవాడు, ఆ పట్టీ వల్లే నీటి అడుగున చిక్కుకుపోయాడు. కింద సగం నిండిన గదిలో సారథి బ్రూస్ గైకి గుండె ఆగింది. తన జట్టువాడి చేతుల్లోనే పోయాడు. మిగిలిన ఏడుగురు తెల్లారేదాకా ఆ ఇద్దరి దేహాలతో, ఇంకో అల రాకూడదని ఎదురుచూస్తూ, ఆ పడవలోనే గడిపారు. చార్ల్స్‌ను నిలపలేక తెగిన పట్టీ ఒకటి, స్కెగ్స్‌ను వదలక తెగని పట్టీ ఇంకొకటి.

ఈడెన్ నుంచి మొయిరా ఎలిజబెత్ అనే చేపల ట్రాలరు ఆపదలో ఉన్నవారి కోసం అలల్లోకి వెళ్లింది. హెలికాప్టర్ల నుంచి తాడుకు వేలాడుతూ దిగినవారిలో క్రిస్టీ మెకాలిస్టర్ అనే యువతి ఉంది. ఆ ఉద్యోగంలో ఆమె కొత్త. సముద్రంలో దిగడం అదే తొలిసారి. స్టాండ్ అసైడ్ అనే పడవలో ఉన్న పన్నెండు మందినీ రెండు హెలికాప్టర్లు కలిసి ఒడ్డుకు చేర్చాయి. మొత్తం 55 మందిని సముద్రం నుంచి తీశారు. యంగ్ ఎండెవర్‌లో లూ కార్టర్ గొంతు బొంగురుపోయినా హాజరు పిలవడం మానలేదు. కొన్ని పేర్లకు బదులు రాలేదు. మళ్లీ పిలిచాడు.

ఇక హోబార్ట్ సంగతి. 29వ తేదీ పొద్దున్న అమెరికా కోటీశ్వరుడు లారీ ఎలిసన్ పడవ సయొనారా అందరికంటే ముందు గీత దాటింది. 2 రోజుల 19 గంటల ప్రయాణం. మామూలు ఏడాదుల్లో మొదటి పడవ డెర్వెంట్‌లోకి రాగానే ఒడ్డు మీద జనం, హారన్లు, షాంపేన్. అర్ధరాత్రి వచ్చే చిట్టచివరి పడవకు కూడా కాన్‌స్టిట్యూషన్ డాక్ దగ్గర చప్పట్లు ఉంటాయి. ఆ సంప్రదాయం హోబార్ట్ వాళ్లకు ప్రాణం. ఆ ఏడు అక్కడ నిలబడ్డవారిలో చాలామంది చూస్తున్నది వచ్చిన పడవ వైపు కాదు, దాని వెనక నది మలుపు వైపు. సయొనారా జట్టులో ప్రపంచంలోనే పేరుమోసిన నావికులున్నారు. దిగగానే వాళ్లు ఒకరినొకరు కావిలించుకుని ఏడ్చారు. మళ్లీ ఈ పందేనికి రానని ఎలిసన్ అన్నాడు. రాలేదు కూడా.

పడవల పరిమాణాన్ని బట్టి కాలాన్ని సవరించి లెక్కగట్టే అసలు బహుమతి ఏఎఫ్ఆర్ మిడ్‌నైట్ ర్యాంబ్లర్‌కు దక్కింది. 35 అడుగుల చిన్న పడవ, ఏడుగురు మనుషులు. సారథి ఎడ్ సాల్టిస్. జలసంధి ముఖాన వాళ్లు కూడా తిరిగిపోదామా అని తర్కించుకున్నారు. తిరిగితే అలకు పక్క చూపాల్సి వస్తుందని, ముందుకే పోదామని తేల్చుకున్నారు. గంటల తరబడి సాల్టిస్ ఒక్కో అలనూ చూసి, దాని ముఖం మీదికి పడవను ఏటవాలుగా ఎక్కించి, కొస దాటగానే దిగవిడిచాడు. అది గొప్ప నావికత్వం, సందేహం లేదు. కానీ విన్‌స్టన్ చర్చిల్ మీద విరిగిన అల వాళ్ల మీద విరిగి ఉంటే ఏ చేయి ఆపేది? ఆ మాట అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే. పందెపు చరిత్రలో అంత కష్టపడి గెలిచినవారు అరుదు. ఆ గెలుపుకు ఆ ఏడు పండగ లేకపోయింది.

మొత్తం 44 పడవలే గీత దాటాయి. 71 మధ్యలో ఆగిపోయాయి. అయిదు మునిగాయి. గీత దాటి వచ్చిన ఒక్కో జట్టూ ముందు చేసిన పని ఇంటికి ఫోను చేయడం, తర్వాత చేసిన పని ఎవరెవరు వచ్చారని అడగడం. ఒకే రేవు, ఒకే క్లబ్బు, ఏటా కలిసే మనుషులు. పోయిన ఆరుగురిలో కనీసం ఒకరైనా తెలియనివాడు ఆ ఒడ్డున అరుదు. గమ్యం చేరినందుకు వాళ్లలో చాలామందికి సంతోషం కంటే సిగ్గు లాంటిదేదో కలిగిందని నేను అనుకుంటాను. తాము చేసిందీ వాళ్లు చేసిందీ ఒకటే అయినప్పుడు చేరడం ఘనత అని ఎవరు చెప్పుకోగలరు? 1999 జనవరి 1న, ఊళ్లన్నీ కొత్త ఏడాది పండగలో ఉండగా, కాన్‌స్టిట్యూషన్ డాక్‌లో సంతాప సభ జరిగింది. తడి బట్టలు ఇంకా పూర్తిగా ఆరని జట్లు కుటుంబాల పక్కన నిలబడి ఆరు పేర్లు విన్నాయి: బ్రూస్ గై, ఫిల్ స్కెగ్స్, గ్లిన్ చార్ల్స్, జాన్ డీన్, జిమ్ లాలర్, మైక్ బానిస్టర్. అక్కణ్నుంచి బ్యాటరీ పాయింట్ నడిచి వెళ్లగలిగే దూరం.

విచారణ రెండేళ్లు సాగింది. న్యూ సౌత్ వేల్స్ కరోనర్ జాన్ అబర్నెతీ 2000 డిసెంబరులో తీర్పు ఇస్తూ పందెం నిర్వాహకులు తమ బాధ్యతను వదిలేసుకున్నారని నిర్మొహమాటంగా అన్నాడు. నిర్ణయం పడవదే అన్న సూత్రం చాటున నిర్వాహకులు నిలబడలేరని ఆయన మాట సారాంశం. అంత తీవ్రమైన హెచ్చరికను పందెంవారికి తగిన రీతిలో చేరవేయలేదని వాతావరణ శాఖకూ అక్షింతలు పడ్డాయి. ఆ తర్వాత నిబంధనలు మారాయి. రబ్బరు తెప్పలు, నడుం పట్టీలు, లైఫ్ జాకెట్లు, ఆపద సంకేతాలు పంపే పరికరాలు అన్నిటికీ కొత్త ప్రమాణాలు వచ్చాయి. జట్టులో సగం మంది సముద్రంలో ప్రాణాలు కాపాడుకునే శిక్షణ పొంది ఉండాలన్నారు.

వాటిలో ఒక నిబంధన నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈడెన్‌కు దిగువన, జలసంధి మొదలయ్యే చోట గ్రీన్ కేప్ అనే కొస ఉంది. ఇప్పుడు ప్రతి పడవా దాన్ని దాటే ముందు రేడియోలో తన నోటితో చెప్పాలి: పడవ బాగుంది, మనుషులు బాగున్నారు, ముందున్న వాతావరణం ఏమిటో మాకు తెలుసు, వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాం అని. చెప్పకుండా దాటితే పందెంలోంచి తీసేయవచ్చు. 2010లో అందరికంటే ముందు హోబార్ట్ చేరిన వైల్డ్ ఓట్స్ ఎలెవన్ కూడా ఆ కబురు సరిగా పంపలేదన్న ఫిర్యాదుకు విచారణలో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఫిర్యాదు నిలబడలేదు గానీ, ఎంత పెద్ద పడవైనా ఆ మాట దగ్గర ఆగాల్సిందే అని తేలింది.

మంచి నిబంధన. దానివల్ల ఎందరో సారథులు ఒక నిమిషం ఆగి నిజంగా ఆలోచించి ఉంటారు, కొందరు ప్రాణాలతో ఈడెన్‌కు తిరిగిపోయి ఉంటారు. కానీ 1998 డిసెంబరు 27న గ్రీన్ కేప్ దగ్గర అదే ప్రశ్న విన్‌స్టన్ చర్చిల్‌ను అడిగి ఉంటే రిచర్డ్ విన్నింగ్ ఏమనేవాడు? పడవ కొత్తగా బాగు చేయించినది. మనుషులు తలపండినవారు. హెచ్చరికలో విన్నది 55 నాట్లు. సిద్ధంగా ఉన్నాం అనే అనేవాడు. బ్రూస్ గై కూడా అదే మాట అనేవాడు. ఎడ్ సాల్టిస్ కూడా.